నీ కథలో భయం చోటు తప్పింది

నల్లకుంట, హైదరాబాద్

తమ్ముడికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. కరోనా రోజుల్లో ఇంటింటికీ తిరిగి రక్తం శాంపిల్స్ తీసే కుర్రాడి మీద రాయాలని నీకు తోచినందుకే ముందు సంతోషపడ్డాను. డాక్టర్ల మీద, నర్సుల మీద చాలామంది రాశారు. బండికి ఐస్ బాక్స్ కట్టుకుని పొద్దున్నే పరగడుపు శాంపిల్స్ కోసం బయల్దేరే వీళ్ల ఊసు పెద్దగా ఎవరూ ఎత్తలేదు.

అందుకే చెప్తున్నాను, నీ కథలో భయం చోటు తప్పింది. రెండో పేజీలో ట్యూబు పగిలి కుర్రాడి గ్లౌజు మీద రక్తం పడుతుంది. ఇక తనకు కరోనా వచ్చేసినట్టేనని అతను కూలబడిపోతాడు. అతనితో పాటు నువ్వూ నమ్మేశావు. కరోనా రక్తంతో అంటుకునే జబ్బు కాదు, ఊపిరితో వచ్చేది. సూది దించేటప్పుడు పేషెంటు మొహం ఎంత దగ్గరగా ఉంటుందో మీ ఇంట్లో ఎవరి చెయ్యయినా పట్టుకుని చూడు. నరం దొరక్కపోతే ఇంకా వంగాలి. సూదంటే భయమున్నవాళ్లు గట్టిగా ఊపిరి వదులుతారు, పిల్లలైతే ఏడుస్తారు. నువ్వు టెన్షన్ పెట్టాల్సింది అక్కడ.

2021 ఏప్రిల్‌లో మా ఆయనకు పాజిటివ్ వచ్చింది. సీబీసీ, సీఆర్పీ, డీ-డైమర్ అనే రక్త పరీక్షలు చేయించమని డాక్టరు గారు ఫోన్లో చెప్పారు. శాంపిల్‌కి వచ్చిన అబ్బాయి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. "అమ్మా, సార్‌ని బాల్కనీ పక్కన కూర్చోబెట్టండి. కిటికీలన్నీ తీయండి. సార్ మాస్కు పెట్టుకున్నాకే వస్తా" అన్నాడు. లోపలికొచ్చి, "సార్, మొహం అటు తిప్పుకోండి, పిడికిలి బిగించండి" అన్నాడు. చేతులకు రెండు జతల గ్లౌజులు. వాటి మీద నుంచి నరం తెలియడం లేదు. మోచేతి మడత దగ్గర వేలితో నొక్కి, వదిలి, మళ్లీ నొక్కాడు. ఇంతలో కళ్లద్దాలకు ఆవిరి పట్టేసింది. తుడుచుకోవడానికి చెయ్యి మొహం దాకా లేచింది. సగంలో ఆగి, దిగిపోయింది. ఆవిరి పలచబడేదాకా అలాగే నిలబడి, అప్పుడు సూది దించాడు. తమ్ముడూ, నాకింకా ఆ చెయ్యే కళ్లముందు ఉంది. నీ కథకు కావలసింది అలాంటి చెయ్యి.

సూది తీశాక మూత పెట్టలేదు. నేరుగా గట్టి డబ్బాలో పడేశాడు. నీ కుర్రాడేమో నాలుగో పేజీలో రెండు చేతులతో మూత బిగిస్తాడు. వేలికి సూది గుచ్చుకునేది ఎక్కువగా అలాంటప్పుడే. ల్యాబులో పనిచేసేవాళ్లు ఎవరు చదివినా ఆ వాక్యం దగ్గర నీ కథను పక్కన పెట్టేస్తారు. రక్తంతో అంటే జబ్బుల భయం లేదని కాదు, కాకపోతే అది కరోనాకు ముందునుంచీ ఉన్నది. పేషెంటుకు హెపటైటిస్ బి ఉండి, గుచ్చుకున్నవాళ్లకు టీకా లేకపోతే, నూటికి 6 నుంచి 30 మందికి అంటుకుంటుంది. హెచ్ఐవీ అయితే వెయ్యికి 3. నీ కుర్రాడికి హెపటైటిస్ బి టీకా 3 డోసులూ వేయించారా? ఈ ఒక్క ప్రశ్న కథలో ఎవరి చేతనైనా అడిగించు. ల్యాబు ఓనరు ఎలాంటివాడో నువ్వు వేరే చెప్పక్కర్లేదు.

గ్లౌజులూ మాస్కులతో అసలు ప్రమాదం తొడుక్కునేటప్పుడు కాదు, విప్పేటప్పుడు. ఆ అబ్బాయి గ్లౌజులు లోపలివైపు బయటికొచ్చేలా ఒలిచి, ఒకదాన్ని ఇంకోదాంట్లో చుట్టేశాడు. మంచినీళ్లు ఇవ్వబోతే, "మెట్ల మీద పెట్టండమ్మా, కింద తాగుతా" అన్నాడు. కిందికెళ్లి, చేతులకు శానిటైజర్ రుద్దుకుని, గాలి తగిలే చోట నిలబడి అప్పుడు మాస్కు దించాడు, తాళ్లు మాత్రమే పట్టుకుని. పేషెంట్ల దగ్గర ఇంత జాగ్రత్తగా ఉండేవాళ్లు కూడా మధ్యాహ్నం ల్యాబు వెనక చిన్న గదిలో నలుగురూ మాస్కులు తీసి కలిసి తింటారు. మన వాళ్లే కదా అనుకుంటారు. జబ్బు అక్కడ పాకుతుంది. ఆ గది నీ కథలో లేదు. ఉండాలి.

కథ చివర అతన్ని దేవుడన్నావు. ఆ మాట కొట్టెయ్. 2020 మార్చి 22 సాయంత్రం, జనతా కర్ఫ్యూ నాడు, ఇలాంటివాళ్ల కోసమే మనమంతా చప్పట్లు కొట్టాం. నేనూ మనస్ఫూర్తిగానే కొట్టాను. మా ఇంటికొచ్చిన అబ్బాయికి ల్యాబువాళ్లు నెలకు రెండే ఎన్95 మాస్కులు ఇచ్చేవారట. ఇంకో మూడు సొంత డబ్బుతో కొనుక్కుని, ఒక్కోదాన్ని ఒక్కో కాగితం కవర్లో పెట్టి, కవర్ల మీద సోమ, మంగళ, బుధ అని రాసుకున్నాడు. బ్యాగులోంచి తీసి చూపించాడు. దేవుడు అనేస్తే ఆ మాస్కులు ఎవరు కొనాలనే మాట ఇక రాదు. ఆ కవర్లను రాయి.

ఇంకొకటి. కథలో అమ్మమ్మ "ఫీవర్ హాస్పిటల్" అంటుంది. మా నల్లకుంటలో ఉన్న ఆ అంటురోగాల ఆసుపత్రిని మా వైపు ఆ వయసువాళ్లు "కోరంటి దవాఖాన" అంటారు. క్వారంటైన్ అనే మాటే మన నాలుక మీద కోరంటి అయింది. అంటురోగం వస్తే మనిషిని విడిగా ఉంచాలన్న సంగతి ఈ ఊరికి ఎంత పాతదో ఆమె నోట ఆ ఒక్క మాట వస్తే చాలు, తెలిసిపోతుంది.

వచ్చే ఆదివారం రా. ఆ అబ్బాయి ఇప్పుడు వేరే ల్యాబులో ఉన్నాడు, మా ఆయన షుగర్ టెస్టుకు ఇప్పటికీ అతనే వస్తాడు. నువ్వొస్తావని ముందే చెప్పి అడిగాను, సరేనన్నాడు. పరగడుపు శాంపిల్ కాబట్టి ఆరున్నరకల్లా వచ్చేస్తాడు. నువ్వు ఆరింటికే ఉండాలి.

మీ అక్క