ట్రయల్స్‌కి వెళ్లే ముందు రెండు కాళ్లూ కొలుచుకో

సత్యనారాయణపురం,
విజయవాడ.

బుజ్జీ,

ఇంటర్ పరీక్షలవగానే కేరళలో ఫుట్‌బాల్ క్లబ్బు ట్రయల్స్‌కి పోతున్నావటగా! మీ నాన్న ఫోన్లో చెబుతూ రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. బ్రాడీపేటలో మీ లైను గోడలన్నిటి మీదా నీ బంతి మచ్చలే. ఆ పిల్ల ఇండియన్ వుమెన్స్ లీగ్‌లో గోల్స్ కొట్టే ఫార్వర్డ్‌గా ఆడతానంటే కడుపు నిండదూ? నిండింది. ఆ వెనకాలే దడ కూడా పట్టుకుంది. పీఈటీగా చేసిన నోరు, ఊరుకోదు.

కాగితాల సంగతి ఒక్క మాట. జనన ధ్రువపత్రం, ఆధార్, టెన్త్ మెమో మూడింట్లోనూ పేరు, పుట్టినతేదీ ఒకేలా ఉండాలి. తేడా ఉంటే రిజిస్ట్రేషన్ దగ్గరే తంటా. డిగ్రీలో చేరు, దూరవిద్యలోనైనా సరే.

ట్రయల్స్‌లో బంతితో నువ్వేం చేస్తావో చూస్తారనుకుంటున్నావు. 90 నిమిషాల్లో ఫార్వర్డ్ కాళ్ల దగ్గర బంతి ఉండేది రెండు మూడు నిమిషాలే. మిగతా టైంలో ఏం చేస్తున్నావన్నదే కోచ్‌లు చూస్తారు. పాస్ రాకముందే రెండుసార్లు భుజం మీంచి వెనక్కి చూడు. గోల్ ముందు కాపలా కాసే సెంటర్ బ్యాక్ కళ్లెదుట నిలబడకు, ఆమె వీపు వైపు ఉండు. ఆమె బంతిని చూస్తే నువ్వు కనపడకూడదు, నిన్ను చూస్తే బంతి కనపడకూడదు. తిన్నగా ఉరికితే పాస్ రాకముందే డిఫెన్స్‌ని దాటేస్తావు, ఆఫ్‌సైడే. డిఫెన్స్ లైను వెంట అడ్డంగా నాలుగడుగులు వేసి, పాస్ ఇచ్చే పిల్ల కాలు ఊపాక లోపలికి తిరుగు. ఇండియా జట్టులో ఆడిన నిజామాబాద్ అమ్మాయి గుగులోత్ సౌమ్య ఆట వీడియోలు పెట్టుకుని, బంతి లేనప్పుడు ఎటు కదులుతోందో చూడు. షాట్ నేలబారుగా, దూరపు పోస్టుకి. కీపర్ కిందికి పడేసరికి ఆలస్యమవుతుంది, చేతికి తగిలినా బంతి మనవాళ్ల ముందుకే వచ్చే వీలుంటుంది. 7.32 మీటర్ల వెడల్పు ఇచ్చి పెడితే పైకెందుకు లేపుతావే? ఎడమకాలు ఇంకా ఊతకర్రేనట. రోజూ ఇరవై షాట్లు ఎడమతో కొట్టు, అలసిపోకముందే.

ఇక అసలు సంగతి, మోకాలు.

మోకాలి లోపల ఎముకల్ని కలిపి పట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంటు తెగే ప్రమాదం ఆడపిల్లలకి మగపిల్లల కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. ఎవరో తన్నితే తెగుతుందనుకుంటారుగానీ, చాలాసార్లు పక్కన ఎవరి దెబ్బా ఉండదు. పరుగులో చటుక్కున ఆగి పక్కకి తిరిగేటప్పుడో, ఎగిరి ఒంటికాలి మీద దిగేటప్పుడో మోకాలు లోపలికి వాలిపోయి తెగుతుంది. ఆ రెండూ ఫార్వర్డ్ పనులే.

మన పిల్లలు తరతరాలుగా చేస్తున్న తప్పు ఆ తర్వాత మొదలవుతుంది. లోపల టప్‌మంటుంది. రెండు మూడు గంటల్లో మోకాలు బూరెలా పొంగుతుంది. ఎక్స్‌రే తీయిస్తే ఎముక బాగుందంటారు. లిగమెంటు ఎక్స్‌రేలో కనపడదు, ఎమ్మారై కావాలి. ఆ ఖర్చు దగ్గర ఇల్లు వెనకాడుతుంది. బెణికిందిలే అని నాటు కట్టు కట్టిస్తారు. మూడు వారాలకి వాపు తీస్తుంది, నడక వస్తుంది, తిన్నగా పరుగూ వస్తుంది. ఏసీఎల్ తెగినా తిన్నగా పరిగెత్తొచ్చు, మోసమంతా అక్కడే ఉంది. ఈలోగా ఏదో టోర్నమెంటు వస్తుంది, పిల్ల దిగుతుంది. మొదటి మలుపులోనే మోకాలు జారుతుంది. ఈసారి లోపల మెత్తలా ఉండే మెనిస్కస్ కూడా చిరుగుతుంది. తెగిన లిగమెంటు స్థానంలో ఇంకోటి వేస్తారు, మెనిస్కస్ పోతే మాత్రం అరుగుదల ముందే మొదలవుతుంది.

ఆపరేషన్ చేయించుకున్నవాళ్లదీ అదే తప్పు, ఇంకో రూపంలో. తొడ వెనక నుంచో మోకాలి ముందు నుంచో తీసి, తెగినదాని స్థానంలో వేసిన కొత్త లిగమెంటు బలపడేముందు కొన్ని నెలలు బలహీనపడుతుంది. సరిగ్గా అప్పుడే నొప్పి పోతుంది. నొప్పి లేదుగా అని ఐదో నెలలో దిగి మళ్లీ తెంచుకుంటారు. తొమ్మిది నెలలు గుర్తుపెట్టుకో, ఎవరు పిలిచినా సరే. తొమ్మిది నిండినా దెబ్బ తగిలిన కాలి తొడ బలం మంచికాలి బలంలో 90 శాతానికి రాకపోతే దిగకూడదు. స్పెయిన్ స్టార్ అలెక్సియా పుటెయాస్ అంతటిది 2022 జులైలో పడి, తర్వాతి ఏప్రిల్లో గానీ మైదానంలోకి రాలేదు. ఆస్ట్రేలియా ఫార్వర్డ్ సామ్ కెర్‌కి 2024 జనవరిలో ఏసీఎల్ పోతే మళ్లీ ఆడింది 2025 సెప్టెంబరులో. 2020లో స్కాట్లాండ్ క్లబ్బు రేంజర్స్‌తో సంతకం చేసి, యూరప్‌లో ప్రొఫెషనల్ కాంట్రాక్టు తెచ్చుకున్న మన తొలి అమ్మాయి బాలాదేవికీ ఇదే దెబ్బ.

తిడుతున్నాననుకోకు తల్లీ. నీకు దెబ్బ తగిలితే దాచుకునే జబ్బుంది. నాలుగో క్లాసులో మణికట్టు విరిగితే ఎడమచేత్తో అన్నం తింటూ దొరికిపోయావు. అక్కడ హాస్టల్లో నీ కంచం వంక ఎవరు చూస్తారు?

ఆ మోకాలి దెబ్బ రాకుండా చాలావరకు కాపాడేది ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా పెట్టిన ఫిఫా 11 ప్లస్ వార్మప్. 8 నిమిషాలు నెమ్మది పరుగు, 10 నిమిషాలు బలం, గెంతులు, బ్యాలెన్సు, 2 నిమిషాలు వేగంగా పరుగు. జట్టు చేయకపోతే నువ్వొక్కదానివే చెయ్యి. దిగేటప్పుడు మోకాలు కాలివేళ్ల వైపే ఉండాలి, చప్పుడు రాకూడదు. ఎవరినైనా మడమలు పట్టుకోమని మోకాళ్ల మీద నిలబడి ముందుకి నెమ్మదిగా ఒరిగే నార్డిక్ వ్యాయామం మొదట్లో 3 నుంచి 5 చాలు. మొదటిరోజే పదిహేను చేసి మర్నాడు మెట్లు దిగలేక ఏడవకు. బూట్లు రంగు చూసి కొనకు. మన గ్రౌండ్లు ఎండాకాలం సిమెంటే. బూటు అడుగున కత్తుల్లాంటి మేకులు, అదే స్టడ్స్, నేలని పట్టేస్తే కాలు ఆగుతుంది, ఒళ్లు తిరుగుతుంది, మోకాలు మధ్యలో నలుగుతుంది. గుండ్రటి పొట్టి స్టడ్స్ తీసుకో. ప్లాస్టిక్ గడ్డి టర్ఫ్‌కి వేరే జత.

నెలసరి తేదీలు రాసుకో. వెళ్లేముందు హిమోగ్లోబిన్‌తో పాటు ఒంట్లో ఇనుము నిల్వ చూపే ఫెరిటిన్ పరీక్ష కూడా చేయించు. భోజనం మీద టీ తాగితే ఇనుము సరిగా వంటపట్టదు. మీ అమ్మకి కూడా చెప్పు, వినదనుకో.

కాంట్రాక్టు ఇస్తే చదవకుండా సంతకం కోసం నేరుగా చివరి పేజీ తిప్పకు. గాయమైతే ఆపరేషన్, ఫిజియో ఖర్చు ఎవరిది, ఆ నెలల్లో జీతం వస్తుందా, ఈ రెండూ రాతలో ఉండాలి. నీకింకా పద్దెనిమిది నిండలేదు, మూడేళ్లకి మించి రాయించుకోవడానికి ఫిఫా రూల్స్ ఒప్పవు.

చివరిగా ఒక పని. దెబ్బ తగిలి మంచమెక్కితే మంచికాలూ బలం తగ్గుతుంది, అప్పుడు దాంతో పోల్చుకుంటే తప్పుడు లెక్కే. అందుకే రెండూ బాగున్నప్పుడే కొలవాలి. ఆదివారం పొద్దున, వార్మప్ అయ్యాక, గీత మీద ఒంటికాలితో నిలబడి ముందుకి గెంతి అదే కాలి మీద నిలదొక్కుకో. తూలితే లెక్కలోకి రాదు. ఒక్కో కాలికి మూడుసార్లు. గీత నుంచి మడమ దాకా టేపుతో కొలిచి నోట్‌బుక్‌లో రాసుకుని నాకు ఫొటో పంపు. టేపు మీ నాన్న చేతికివ్వకు, వాడు నాలుగంగుళాలు కలిపి చెబుతాడు.

మీ అత్త