కీటో డైట్‌లో కేలరీలు లెక్కపెట్టాలా? ఎల్‌డీఎల్ పెరిగితే ఏం చేయాలి?

ప్రశ్న: నా వయసు 42 ఏళ్లు. నాలుగు నెలలుగా కీటో డైట్ (పిండి పదార్థాలు బాగా తగ్గించి కొవ్వు ఎక్కువగా తినే పద్ధతి) పాటిస్తున్నాను. మొదటి రెండు నెలల్లో 8 కిలోలు తగ్గాను. తర్వాత బరువు కదలడం లేదు. మూత్ర పరీక్షలో కీటోన్లు (శరీరం కొవ్వును వాడుకున్నప్పుడు తయారయ్యే పదార్థాలు) కనిపిస్తూనే ఉన్నాయి. ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) 210 నుంచి 130కి తగ్గాయి, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) మాత్రం 118 నుంచి 176కు పెరిగింది. బీపీకి ఒక మాత్ర వాడుతున్నాను. కీటోలో కేలరీలు లెక్కపెట్టనక్కర్లేదంటారు, నిజమేనా? కొలెస్ట్రాల్ గురించి భయపడాలా?

జవాబు: కేలరీల లెక్క ఏ డైట్‌లోనైనా తప్పదు. పిండి పదార్థాలు బాగా తగ్గించినప్పుడు శరీరం కొవ్వును ఇంధనంగా వాడుకుంటుంది కాబట్టి కీటోన్లు కనిపిస్తాయి. అయితే ఆ కొవ్వు మీ ఒంట్లో పేరుకున్నదా, మీరు పూట పూటకూ తిన్నదా అన్నది మూత్రంలో కీటోన్లు చూసే పట్టీ చెప్పలేదు. గ్రాము కొవ్వులో 9 కేలరీలుంటాయి, ప్రొటీన్‌లోనూ పిండి పదార్థంలోనూ 4 మాత్రమే. ఒక పెద్ద చెంచా నూనెలో సుమారు 120, యాభై గ్రాముల బాదంలో దాదాపు 290 కేలరీలు ఉంటాయి కాబట్టి, ఆకలి లేకపోయినా 'కీటోలో తినొచ్చు కదా' అని నోట్లో వేసుకున్నవే బరువును ఆపేస్తాయి. పైగా మొదట తగ్గిన కిలోల్లో కొంత భాగం గ్లైకోజెన్‌తో (ఒంట్లో నిల్వ ఉండే పిండి పదార్థంతో) పాటు పోయిన నీరే, అది ఆ వేగంతో కొనసాగదు. ఒక వారం పాటు తిన్నదంతా, వంటలో పోసిన నూనెతో సహా, తూచి రాసుకోండి. ప్రొటీన్ తగ్గించకుండా కొవ్వులోంచే రోజుకు 300 నుంచి 400 కేలరీలు తగ్గించండి.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మీ ఎల్‌డీఎల్. ట్రైగ్లిజరైడ్లు తగ్గడం సంతోషమే గానీ, దాన్ని చూపించి 176ను పట్టించుకోకుండా వదిలేయడం సరికాదు, ఎందుకంటే ధమనుల గోడల్లో కొవ్వు పేరుకోవడానికి ఎల్‌డీఎల్ నేరుగా కారణమవుతుంది, మీకు బీపీ కూడా ఉంది. బరువు వేగంగా తగ్గుతున్న రోజుల్లో ఎల్‌డీఎల్ తాత్కాలికంగా పెరగవచ్చు, కానీ మీ బరువు నిలకడగా ఉంది కాబట్టి ఆ వివరణ ఇక్కడ సరిపోదు. వెన్న, క్రీమ్, కొబ్బరినూనె, కొవ్వు ఎక్కువున్న మాంసం స్థానంలో చేపలు, గింజలు, ఆలివ్ నూనె వంటివి వాడి, కూరగాయలతో పీచు పెంచి, ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత మళ్లీ పరీక్ష చేయించుకోండి. థైరాయిడ్ తక్కువగా పనిచేసినా ఎల్‌డీఎల్ పెరుగుతుంది, కాబట్టి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు తెలిపే రక్తపరీక్ష) కూడా చూడాలి. అప్పటికీ తగ్గకపోతే పిండి పదార్థాలను కొంత పెంచాలి, అంటే కఠినమైన కీటోను వదలాలి. ఎల్‌డీఎల్ 190 దాటినా, మీ కుటుంబంలో చిన్న వయసులోనే గుండెపోటు వచ్చినవారున్నా, ఆహారంతోనే సరిపెట్టకుండా మందుల గురించి మీ డాక్టర్‌తో మాట్లాడాలి.

క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు), యూరిక్ యాసిడ్, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్) పరీక్షలు కూడా అప్పుడే చేయించండి. ఈ ఆహారంలో ఉప్పు, నీరు ఒంట్లోంచి ఎక్కువగా పోతాయి, బరువూ తగ్గింది. అందువల్ల పాత మోతాదు బీపీ మాత్ర మీకు ఇప్పుడు ఎక్కువ కావచ్చు. లేచి నిలబడినప్పుడు కళ్లు తిరుగుతుంటే, మాత్రను మీ అంతట మీరు ఆపకుండా, ఇంట్లో వారం రోజులు చూసిన బీపీ రీడింగులతో డాక్టర్‌ను కలవండి.