ఇంజిను లేని ట్రక్కుకు ఆర్సీ ఏంది?

ప్రశ్న: మాది పాకాల దగ్గర పల్లె. రెండేళ్ల కిందట ఒక వెల్డింగ్ షాపులో పాత లారీ యాక్సిల్, ఇనుప ఛానళ్లు వేయించి ట్రాక్టరుకు ట్రక్కు చేయించుకున్నా. ఈసారి తోతాపురి కాయలు దామలచెరువు మండీకి తోలుతుంటే రోడ్డు మీద ఆపి ట్రక్కు ఆర్సీ అడిగారు. ట్రాక్టరుకు ఆర్సీ, ఇన్సూరెన్సు ఉన్నాయి. ఇంజినే లేని ట్రక్కుకు మళ్లీ రిజిస్ట్రేషన్ ఏంది? ఒక బ్రోకరు పాత ట్రక్కు ఆర్సీ తెచ్చి దాని నంబరు కొట్టిస్తానంటున్నాడు. చేయించుకోవచ్చా?

జవాబు: చివరి దానికే ముందు చెప్తా, వద్దు. ఇప్పుడు మీ మీద ఉన్నది ముఖ్యంగా రిజిస్ట్రేషన్ లేదన్న తప్పు. వేరే బండి ఛాసిస్ నంబరు మీ ఇనుము మీద కొట్టించారంటే అది దొంగ కాగితాల కేసు అవుతుంది, బ్రోకరు ఆ రోజుకు ఫోను ఎత్తడు.

ఇక ఇంజిను సంగతి. ఈ మాట అడగని రైతు లేడు, న్యాయంగానే అనిపిస్తుంది కూడా. కానీ 1988 మోటారు వాహనాల చట్టంలో మోటారు వాహనం అంటే ఏమిటో చెప్పిన చోటనే ట్రైలరును కూడా కలిపేశారు, మనం ట్రక్కు అంటాం గానీ కాగితాల్లో అది ట్రైలరే. కాబట్టి ట్రాక్టరు ఆర్సీ దీనికి పనికిరాదు. రిజిస్ట్రేషన్ లేకుండా రోడ్డెక్కితే 192వ సెక్షను కింద మొదటిసారికి 2,000 నుంచి 5,000 రూపాయల దాకా జరిమానా అని చట్టంలో ఉంది.

అసలు చిక్కు ఆర్టీఓ ఆఫీసులో కాదు, వెల్డింగ్ షాపులోనే మొదలైంది. మీరు రిజిస్ట్రేషన్ దరఖాస్తు, అంటే ఫారం 20 నింపి ఇస్తే దానితోపాటు ఫారం 21, ఫారం 22 అడుగుతారు, మొదటిది అమ్మినట్టు పత్రం, రెండోది బండి రోడ్డుకు తగినట్టుగా ఉందని తయారీదారు ఇచ్చే పత్రం. మీ షాపాయన పని ఎంత గట్టిదైనా, ట్రైలర్లు తయారుచేసే అనుమతి లేని మనిషి రాసిస్తే ఆ కాగితం చెల్లదు. బండి తీసుకుపోయి బ్రేకు ఇన్‌స్పెక్టరు ముందు నిలబెడితే చూసి సంతకం పెట్టేస్తారనుకోవద్దు, కాగితాలు లేకుండా ఆయన చూడటానికి ఏమీ లేదు.

అనుమతి ఉన్న తయారీదారు దగ్గర కొత్తది తీసుకోండి, అడ్వాన్సు ఇవ్వకముందే ఆ రెండు ఫారాలూ ఇస్తాడా అని అడగండి, పాత ఇనుముకూ టైర్లకూ ఎంత కడతాడో బేరమాడండి. నంబరు వచ్చాక ట్రక్కు సొంత నంబరును దాని పక్క భాగం మీద రాయించాలి, వెనక మాత్రం లాగే ట్రాక్టరు నంబరు ఉండాలి, ఇది చాలామంది తిరగేసి రాయిస్తారు. వెనక రెండు ఎర్ర రిఫ్లెక్టర్లు తప్పనిసరి, చీకట్లో ఆగివున్న ట్రక్కుకు గుద్దుకున్న బైకులు మనవైపు తక్కువేం కాదు. ఇన్సూరెన్సులో ట్రక్కును కూడా చేర్పించండి. జాతరకు జనాన్ని ఎక్కించారంటే మాత్రం ఆ పాలసీ వాళ్లకు వర్తిస్తుందని ఆశపెట్టుకోకండి.

ఈ సీజనుకు మండీ దాకా రిజిస్ట్రేషన్ ఉన్న బండినే బాడుగకు పెట్టుకోండి. మీ ట్రక్కు తోటలోపలే తిరగనీయండి.