‘నీ ఇష్టం’ అంటే ఒప్పుకున్నట్టేనా?

ప్రశ్న: నా వయసు 38. కార్పొరేట్ ఉద్యోగంలో మంచి హోదాలోనే ఉన్నాను కానీ విసిగిపోయాను. కొంతకాలంగా ఇంట్లో ఐస్‌క్రీమ్ చేస్తున్నాను. తిన్నవాళ్లంతా బాగుందంటున్నారు. ఉద్యోగం మానేసి చిన్న షాపు పెట్టుకుంటే పిల్లలతోనూ గడపొచ్చని ఆశ. మావారిని అడిగితే ‘నీ ఇష్టం’ అంటారు, అంతకు మించి మాట్లాడరు. నాన్నేమో ‘ఇంత చదివించింది ఐస్‌క్రీమ్ అమ్ముకోవడానికా’ అని బాధపడుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: నాన్నగారి మాట మీ మనసుకు తగిలింది. నన్ను ఆలోచనలో పడేసింది మాత్రం మీవారి మాట. కాదంటే అడ్డుపడ్డానంటారు, అవునంటే రేపటి నష్టంలో తనకూ వాటా ఉంటుంది. ఈ రెండూ తప్పించుకోవడానికే చాలామంది ‘నీ ఇష్టం’ అంటారు. షాపు నడవకపోతే అదే మాట ‘నేనప్పుడే అనుకున్నా’గా మారుతుంది.

అందుకని ‘పెట్టనా, వద్దా’ అని ఆయన్ని అడక్కండి. ‘ఎంత డబ్బు వరకు పోతే మనం తట్టుకోగలం, ఎప్పటిదాకా చూసి ఆపేద్దాం’ అని అడగండి. జవాబులు కాగితం మీద పెట్టండి. రాజీనామా ఇవ్వకముందే ఓ మూడు నెలలు మీ జీతం ముట్టుకోకుండా ఇల్లు నడిపి చూడండి. ఆయన నోరు విప్పేది అప్పుడే.

ఇక పిల్లలతో గడపడం. అసలు చిక్కు ఇక్కడుంది. ఐస్‌క్రీమ్ అమ్ముడుపోయేది సాయంత్రాలు, ఆదివారాలు, సెలవులు, ఎండాకాలం. సరిగ్గా పిల్లలు ఇంట్లో ఉండే వేళలే. షట్టర్ దించాక కూడా పని మిగిలే ఉంటుంది. యంత్రం విప్పి భాగాలన్నీ కడిగి శానిటైజ్ చేయాలి. పాలతో పని కాబట్టి రేపు చూద్దామనడానికి లేదు. చలికాలంలో తీరిక దొరుకుతుంది గానీ గల్లాపెట్టె కూడా తీరిగ్గానే ఉంటుంది. పిల్లలతో సమయమే మీ అసలు కోరికైతే, పని గంటలు తక్కువుండే ఉద్యోగానికి మారడం ఇంతకంటే చవకైన దారి. ఇది మీరు వినాలనుకున్న మాట కాదని తెలుసు.

అయినా షాపే కావాలంటారా? అయితే ముందు నేర్చుకోండి. ఇంట్లో చేసింది ఆ పూటే అయిపోతుంది. అమ్మేదాన్ని పాశ్చరైజ్ చేయాలి, అంటే వేడిచేసి క్రిములను చంపాలి, 4 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచాలి, చిలికి గడ్డకట్టించాక మైనస్ 18 డిగ్రీల్లోనో, ఇంకా తక్కువలోనో నిల్వ చేయాలి. మధ్యలో కరెంటు పోయి కాస్త కరిగి మళ్లీ గడ్డకడితే మంచు పలుకులు పెద్దవై నోట్లో కరకరలాడతాయి. గాలి లెక్క కూడా ఉంది, దాన్ని ఓవర్‌రన్ అంటారు. మిశ్రమం ఎంతో గాలి కూడా అంతే కలిస్తే అది 100 శాతం. గాలి తగ్గిస్తే ఐస్‌క్రీమ్ చిక్కగా ఉంటుంది, కానీ అదే మిశ్రమానికి తక్కువ కప్పులొస్తాయి. మీ ధర, మీ లాభం తేలేది ఇక్కడే. అమెరికాలో బెన్ అండ్ జెర్రీస్ అనే ఐస్‌క్రీమ్ కంపెనీ పెట్టిన స్నేహితులిద్దరూ కూడా 1978లో షాపు తెరిచేముందు పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ వారి ఐస్‌క్రీమ్ తయారీ పోస్టల్ కోర్సు చేశారు.

తిన్నవాళ్లంతా మెచ్చుకున్నారన్నారు. ఊరికే పెడితే ఎవరు మెచ్చుకోరు చెప్పండి! ఉద్యోగం చేస్తూనే శని, ఆదివారాల్లో ముక్కూమొహం తెలియనివాళ్లకు డబ్బుకు అమ్మండి. రెండోసారి వెతుక్కుంటూ వచ్చేవాళ్లను లెక్కపెట్టండి. మానేయడమే ఖాయమైతే సీజన్ మొదలయ్యే ముందు మానండి, అయిపోయాక కాదు.

నాన్నగారితో వాదన పెట్టుకోకండి. కూతురికి నెలజీతం ఉండదన్న బెంగే ఆయన చేత అలా అనిపిస్తోంది. మీరిద్దరూ ఆ కాగితం రాసుకున్నాక, విషయం మీవారి చేతే చెప్పించండి.