ఎగ్‌నాగ్ పోసినా కుకీకి ఆ రుచి ఎందుకు రాదు?

ఆఫీసులో కుకీ ఎక్స్ఛేంజ్ (అందరూ ఇంట్లో చేసిన కుకీలు తెచ్చి పంచుకోవడం) ఉందని, ఒక కప్పు ఎగ్‌నాగ్ (పాలు, గుడ్డు పచ్చసొన, పంచదార, జాజికాయతో చేసి క్రిస్మస్‌కి తాగే చిక్కటి పానీయం) పోసి పిండి కలిపితే కుకీలు చిన్న చిన్న కేకుల్లా ఉబ్బాయని, తింటే తీపి తప్ప ఎగ్‌నాగ్ జాడే లేదని రాశారు. శుక్రవారం లోపు మళ్లీ చేయాలని టెన్షన్ పడుతున్నారు కదా. మీ ఓవెన్‌కీ, మీ చేతికీ ఏమీ కాలేదండి. నాకూ అచ్చం ఇలాగే జరిగింది. ఆ ఒక కప్పు ఎగ్‌నాగ్ దగ్గరే తేడా వస్తుంది.

ఎగ్‌నాగ్ చూడటానికి చిక్కగా ఉంటుంది కాబట్టి అందులో సరుకు చాలా ఉందనుకుంటాం. నిజానికి అందులో ఎక్కువ భాగం పాలలోని నీళ్లే. అమెరికాలో అమ్మే డబ్బా మీద ఎగ్‌నాగ్ అని రాయాలంటే అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నిబంధన ప్రకారం కనీసం 6 శాతం పాల కొవ్వు, కనీసం 1 శాతం గుడ్డు పచ్చసొన ఘనపదార్థం ఉంటే చాలు. కొన్ని డబ్బాల్లో చిక్కదనం కోసం గమ్ లాంటివీ కలుపుతారు. ఒక కప్పు పోశారంటే, దాదాపు ఒక కప్పు పాలు పోసినట్టే. మైదాకి అన్ని నీళ్లు తగిలితే పిండి సాగుతుంది, ఓవెన్‌లో ఆ నీళ్లు ఆవిరై పిండిని పైకి లేపుతాయి. వెన్నా చక్కెరా పలచబడిపోయి కుకీ పక్కలకి పరుచుకోదు. అందుకే కేకులా వస్తుంది. రుచి మాటకొస్తే, పాలల్లో కలిసి ఉన్న కాసింత జాజికాయ వాసన రెండు కప్పుల మైదాని ఎక్కడ దాటుకు రాగలదు?

మేం ఒహాయోలోని కొలంబస్‌కి వచ్చిన మొదటి డిసెంబర్‌లో నేను చేసిన కుకీలు ఓ పళ్లెంలో పెట్టుకుని పక్కింటి పెద్దావిడకి ఇచ్చాను. డెబ్బై దాటిన మనిషి. ఒకటి కొరికి, బాగుందని చెప్పి, ఏమీ అనకుండా లోపలికి వెళ్లి సొరుగులోంచి ఒక జాజికాయ, చిన్న కోరాము తెచ్చింది. ఇంకో కుకీ తీసుకుని దాని మీద నాలుగుసార్లు జాజికాయ కోరి నా చేతిలో పెట్టింది. ఇప్పుడు తిని చూడమంది. అంతే, అది ఎగ్‌నాగ్ కుకీ అయిపోయింది. నాకు మాత్రం ఆ వాసనకి ముందు గుర్తొచ్చింది తెనాలిలో మా అమ్మమ్మ. పసిపిల్లలకి వసకొమ్ముతో పాటు జాజికాయ కూడా సానరాయి మీద అరగదీసేది. ఆ వాసనే. అప్పటిదాకా ఎగ్‌నాగ్ అంటే ఏదో నాకు తెలియని పరదేశపు రుచి అనుకున్నాను. అది నాకు పుట్టినప్పటి నుంచీ తెలిసిన వాసనే.

కాబట్టి నేను చెప్పేది ఒక్కటే. ఎగ్‌నాగ్ రుచి డబ్బాలోంచి రాదు. జాజికాయ, గుడ్డు పచ్చసొన, రమ్ము, ఈ మూడూ కలిస్తేనే మన నాలుక దాన్ని ఎగ్‌నాగ్ అని గుర్తుపడుతుంది. ఆ మూడింటినీ పిండిలో విడివిడిగా వేయండి, ఎగ్‌నాగ్‌ని మాత్రం కొద్దిగానే వాడండి.

జాజికాయ సంగతి ముందు. పొడి సీసా పక్కన పెట్టేయండి. జాజికాయ సువాసనంతా త్వరగా ఎగిరిపోయే నూనెల్లో ఉంటుంది, పొడి చేసి నెలల తరబడి ఉంచితే మిగిలేది కట్టెపుల్ల రుచే. ఇండియన్ స్టోర్‌లో గుండు జాజికాయలు అమెరికన్ సూపర్‌మార్కెట్ కంటే చాలా చవకగా దొరుకుతాయి. సన్నటి కోరాముతో అప్పటికప్పుడు కోరుకోవాలి. కింద ఇచ్చిన కొలతకి ముప్పావు టీస్పూన్ చాలు. బాగుంది కదా అని ఎక్కువ వేయకండి, చేదు వస్తుంది. జాజికాయ అతిగా తింటే ఒంటికి కూడా మంచిది కాదు.

తర్వాత గుడ్డు. రెసిపీలో ఒక పూర్తి గుడ్డు ఉంటే దాని బదులు రెండు పచ్చసొనలు వేయండి. తెల్లసొన కుకీని ఎండబెట్టి ఉబ్బిస్తుంది, పచ్చసొన మెత్తదనమూ కస్టర్డ్ లాంటి రుచీ ఇస్తుంది.

రమ్ము విషయంలో ఎవరిష్టం వాళ్లది. ఈ పానీయంలో మద్యం ఎంత పాత భాగమంటే, 1826 క్రిస్మస్‌కి వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో క్యాడెట్లు దొంగచాటుగా విస్కీ తెప్పించి ఎగ్‌నాగ్ కలుపుకుని, తాగి పెద్ద గొడవే చేశారు. దాన్ని ఇప్పటికీ ఎగ్‌నాగ్ అల్లర్లనే పిలుస్తారు. నేను మాత్రం రమ్ ఎసెన్స్ అర టీస్పూన్ వేస్తాను. పిల్లలు తింటారు, తాగని వాళ్లూ తింటారు. అసలు రమ్ము వాడితే ఓవెన్‌లో అంతా ఆవిరైపోతుందనుకోకండి, కొంత మిగులుతుంది. పైన పూసే ఐసింగ్‌లో వేస్తే అంతా అలాగే ఉంటుంది. కొన్ని ఎసెన్సుల తయారీలోనూ ఆల్కహాల్ ఉంటుంది, అస్సలు వద్దనుకునేవాళ్లు సీసా మీద చూసుకోవాలి.

ఇక ఎగ్‌నాగ్. అర కప్పు తీసుకుని అడుగు మందంగా ఉన్న చిన్న గిన్నెలో సన్నటి సెగ మీద పెట్టండి. గరిటె ఆపకుండా తిప్పుతూ ఉండాలి, ఎందుకంటే అందులో పచ్చసొన ఉంది, సెగ పెరిగితే విరిగినట్టు పలుకులు వస్తాయి. మనం పాలు కాచి కోవా చేసేటప్పటి ఓపిక కావాలి, కానీ కోవా దాకా పోనక్కర్లేదు. మూడు టేబుల్‌స్పూన్లు మిగిలేదాకా మరిగిస్తే చాలు. పూర్తిగా చల్లారాకే వాడండి, వేడిగా పోస్తే వెన్న కరిగిపోతుంది.

నేను వాడే కొలతలు ఇవి. ఉప్పు లేని వెన్న 170 గ్రాములు, అంటే ఇక్కడి స్టిక్కులు ఒకటిన్నర, బయట పెట్టి మెత్తబడనివ్వాలి. పంచదార 150 గ్రాములు, బ్రౌన్ షుగర్ 50 గ్రాములు. వెన్నా చక్కెరలూ రెండు నిమిషాలు గిలకొట్టండి, అంతకు మించి అక్కర్లేదు, గాలి ఎక్కువ పడితే మళ్లీ ఉబ్బుతాయి. అందులో రెండు పచ్చసొనలు, చల్లారిన ఎగ్‌నాగ్, ఒక టీస్పూన్ వెనీలా, రమ్ ఎసెన్స్ కలపండి. వేరే గిన్నెలో మైదా 280 గ్రాములు, బేకింగ్ పౌడర్ ఒక టీస్పూన్, ఉప్పు అర టీస్పూన్, దాల్చినచెక్క పొడి పావు టీస్పూన్, కోరిన జాజికాయ కలిపి, దీన్ని వెన్నలో వేసి పొడి కనపడనంత వరకే కలపాలి. మైదాని దయచేసి కప్పుతో కాకుండా తూకం వేసి తీసుకోండి. కప్పుని డబ్బాలో ముంచి తీస్తే ఒక్కో కప్పుకి ఇరవై, ముప్పై గ్రాములు ఎక్కువ పడిపోతుంది, కుకీ గట్టిపడటానికి అదే మొదటి కారణం.

పిండి గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టండి. ఈ మెట్టు దాటేయాలని అందరికీ అనిపిస్తుంది, నేనూ దాటేసి చూశాను, అంచులు పలచబడి మాడాయి. తర్వాత పెద్ద ఉసిరికాయంత ఉండలు చేసి, అరచేత్తో కాస్త నొక్కి, 350 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర 10 నుంచి 12 నిమిషాలు. అంచులు లేత బంగారు రంగులోకి తిరిగి, మధ్యలో ఇంకా కొంచెం పచ్చిగా ఉన్నట్టు కనిపించగానే తీసేయాలి. ట్రే మీదే అయిదు నిమిషాలు వదిలితే మధ్యభాగం ఆ వేడికే సర్దుకుంటుంది. ముప్పై దాకా వస్తాయి. పచ్చి పిండి మాత్రం పిల్లల్ని నాకనివ్వకండి. గుడ్డొకటే కాదు, పచ్చి మైదా కూడా కడుపుకి మంచిది కాదు.

డబ్బాలో మిగిలిన ఎగ్‌నాగ్‌కి అసలైన చోటు ఐసింగ్. ఒక కప్పు పంచదార పొడిలో ఒకటిన్నర టేబుల్‌స్పూన్ల ఎగ్‌నాగ్ మరిగించకుండా అలాగే పోసి కలపండి. గరిటె నుంచి మెల్లగా, తీగలా జారాలి, గట్టిగా ఉంటే ఇంకొన్ని చుక్కలు. చల్లారిన కుకీల మీద పూసి, తడి ఆరకముందే పైన జాజికాయ కోరండి. ఇది ఓవెన్‌లోకి వెళ్లదు కాబట్టి రుచి ఏమీ పోదు, నోట్లో పెట్టుకోగానే ముందు తగిలేది ఇదే. దుకాణం డబ్బాలు పాశ్చరైజ్ చేసినవే, ఇలా పచ్చిగా వాడినా ఫరవాలేదు. ఇంట్లో పచ్చి గుడ్లతో గిలకొట్టింది మాత్రం ఐసింగ్‌లో వద్దు.

ఇండియాలో ఉన్న మా చెల్లెలు ఎగ్‌నాగ్ డబ్బా దొరకట్లేదని అడిగితే ఇలా చెప్పాను. ఒక కప్పు చిక్కటి పాలు, పావు కప్పు క్రీమ్ వేడి చేసి, రెండు పచ్చసొనలు మూడు చెంచాల పంచదారతో గిలకొట్టిన దాంట్లో ఆ పాలు కొంచెం కొంచెంగా పోస్తూ కలిపి, మళ్లీ సన్నసెగ మీద గరిటెకి అంటుకునే దాకా తిప్పమన్నాను. థర్మామీటర్ ఉంటే 71 డిగ్రీల సెల్సియస్ దాటాలి. దించాక జాజికాయ. గుంటూరులో వాళ్ల వీధిలో క్రిస్మస్‌కి గులాబీ పువ్వులు, కజ్జికాయలు పంచుకునేటప్పుడు ఇవీ పళ్లెంలో పెట్టింది. పక్కింటి వాళ్లు బిస్కెట్లలో జాజికాయ ఏంటని అడిగారట, తర్వాత కొలతలూ అడిగారట.

మీ ఆఫీసులో గుడ్డు తినని వాళ్లు ఉంటే డబ్బా మీద తప్పకుండా గుడ్డు ఉందని రాసి పెట్టండి. వాళ్ల కోసం విడిగా చేయాలనుకుంటే పచ్చసొనల బదులు రెండు టేబుల్‌స్పూన్ల కస్టర్డ్ పౌడర్, ఎగ్‌నాగ్ బదులు అంతే కొలత మరిగించిన పాలు వేయండి, ఐసింగ్‌కి మామూలు పాలు. మామూలు కస్టర్డ్ పౌడర్‌లో గుడ్డు ఉండదు, అయినా ఒకసారి ప్యాకెట్ చూసుకోండి. రంగూ రుచీ రెండూ దగ్గరగా వస్తాయి. నేను రెండుసార్లు చేశాను, మా టీమ్‌లో తేడా కనిపెట్టింది ఒక్కరే.

శుక్రవారానికి ఇంకా టైముంది కాబట్టి పిండి బుధవారం రాత్రే కలిపి ఫ్రిజ్‌లో పెట్టేయండి, రాత్రంతా ఉంటే జాజికాయ ఇంకా బాగా పడుతుంది. గురువారం సాయంత్రం కాల్చి, చల్లారాక మూత గట్టి డబ్బాలో పెట్టండి. ఐసింగ్ శుక్రవారం పొద్దున పూసి గంటసేపు ఆరనివ్వాలి, లేకపోతే ఒకదాని మీద ఒకటి పెట్టగానే అంటుకుపోతాయి. కుకీల వరసల మధ్య బటర్ పేపర్ వేయడం మర్చిపోకండి.