పండుగ పూట టీవీ: మా ఇంట్లో చూసినదాన్ని బట్టి నా అభిప్రాయం

పండుగ రోజున ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చునే అలవాటు నిజంగానే పోయిందా, పోయి ఉంటే అందుకు ఓటీటీలే కారణమా అని మీరు అడిగారు. మా ఇంట్లో మూడు తరాలవాళ్లం కలిసి ఉంటాం కాబట్టి ఈ మార్పును దగ్గరగా చూశాను. పండుగకు టీవీలో కొత్త సినిమా అనే ముచ్చట బాగా తగ్గిపోయింది, దాని గురించి నాకు పెద్దగా బాధ లేదు. ఛానళ్లు తమ సొంత పండుగ కార్యక్రమాల్లోంచి పండుగనే తీసేశాయి, నా బాధంతా దాని గురించే. ప్రత్యక్ష ప్రసారాలు మాత్రం మా ఇంట్లో ఇప్పటికీ అందరినీ ఒకచోట కూర్చోబెడుతున్నాయి కాబట్టి, అలవాటే పోయిందనడాన్ని నేను ఒప్పుకోలేను.

హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. మా ఇంటికి టీవీ వచ్చింది మాత్రం 1987లో, ఆదివారం ఉదయాల్లో రామాయణం ధారావాహిక వస్తున్న రోజుల్లో. వారానికి ఒక తెలుగు సినిమా, శుక్రవారం సాయంత్రం చిత్రలహరిలో నాలుగు పాటలు తప్ప ఇంట్లో సినిమా అన్నది దొరకని కాలం అది. అందుకే పండుగకు అదనంగా ఏది ప్రసారం చేసినా అది పండుగలో భాగమైపోయేది. ఉగాది నాడు పంచాంగ శ్రవణంలో రాశుల వారీగా ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు చదువుతుంటే మా నాన్నగారు ఇంట్లో ప్రతి ఒక్కరివీ కాగితం మీద రాసుకునేవారు. కవి సమ్మేళనంలో మంచి పద్యం వస్తే పెరట్లో ఆడుకుంటున్న మమ్మల్ని కేకేసి పిలిచి వినమనేవారు. అందులో సగం మాకు అర్థమయ్యేది కాదు. అయినా ఉగాది అంటే పద్యం వినే రోజు అన్న భావం నాలో ఏర్పడింది ఆ కార్యక్రమాల వల్లనే.

1995లో జెమిని, ఈటీవీ వచ్చాయి, ఆ తరువాత మా టీవీ, 2005లో జీ తెలుగు. పండుగ నాటి పత్రికలో ఏ ఛానల్లో ఏ సినిమా ఉందో వెతుక్కోవడం అప్పటినుంచే మొదలైంది. థియేటర్లో విడుదలైన చాలా నెలలకు గాని పెద్ద సినిమా బుల్లితెర మీదికి వచ్చేది కాదు. దాన్ని సంక్రాంతికో దసరాకో దాచి ఉంచి, వారం ముందునుంచి ప్రకటించి, ఆ ఒక్క పూట కోసం ఛానళ్లు శాటిలైట్ హక్కులకు పోటీపడేవి. సినిమా మొదలయ్యే వేళకు వీధిలో మనుషులు పలచబడేవారు.

ఆ రోజుల గురించి చాలామంది ఎంతో ఆపేక్షగా రాస్తుంటారు. ఆ జ్ఞాపకాలు నాకూ ఉన్నాయి, కానీ ఆ గదిలో మా అమ్మ ఎక్కడ ఉండేదో చెప్పకుండా వాటిని చెప్పడం న్యాయం కాదు. సినిమా మొదలయ్యేసరికి ఆమె పొయ్యి దగ్గర ఉండేది. గంటకు 12 నిమిషాలకు మించి ప్రకటనలు ఉండకూడదని నిబంధన ఉన్నా, రెండున్నర గంటల పండుగ సినిమా పూర్తయ్యేసరికి మాకు నాలుగు గంటలు పట్టినట్టే ఉండేది. ప్రకటనలు వచ్చినప్పుడల్లా మేమంతా లేచి వంటింట్లోకి వెళ్లి వేడివేడి గారెలు తిని వచ్చేవాళ్లం. మాకు వడ్డించడం అయ్యాక ఆమె గుమ్మం దగ్గర నిలబడి కాసేపు చూసేది, మూకుడులో నూనె కాగుతోందని గుర్తుకొచ్చి మళ్లీ లోపలికి వెళ్లిపోయేది. వచ్చిన చుట్టాలకు మంచినీళ్లు, కాఫీలు అందించేది కూడా ఆమే. ఏళ్ల తరబడి పండుగకు వచ్చిన సినిమాల్లో ఒక్కదాన్ని కూడా ఆమె మొదటినుంచి చివరిదాకా చూడలేదు. కథ మధ్యలో ఏం జరిగిందని అడిగితే, చెప్పే ఓపిక మాలో ఎవరికీ ఉండేది కాదు.

ఇప్పుడు అదే అమ్మ పండుగ హడావుడి అంతా ముగిశాక, మర్నాడు తీరిగ్గా తన గదిలో ట్యాబులో సినిమా పెట్టుకుంటుంది. నిద్ర ముంచుకొస్తే ఆపేసి, మళ్లీ అక్కడినుంచే చూస్తుంది. చూశాక నాకు కథ ఆమే చెబుతుంది, ఏ పాత్ర ఎందుకు నచ్చలేదో కూడా చెబుతుంది. అందరూ కలిసి చూసే రోజులు పోయాయని ఎవరైనా అన్నప్పుడు, ఆ అందరిలో ఎవరెవరు కూర్చుని చూశారో, ఎవరు నిలబడి చూశారో కూడా గుర్తు చేసుకోవాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. మంచి సినిమాను మనకు వీలైన వేళ చూడగలగడం, ముఖ్యంగా ఇంటి ఆడవాళ్లకు, చిన్న సౌకర్యం కాదు.

సినిమా పండుగ నుంచి ఎలా విడిపోయిందో చూస్తే, 2020 ఉగాది నాకు ముఖ్యమైన రోజుగా కనిపిస్తుంది. ఆ మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. ఆ ఏడాది సంక్రాంతికి విడుదలైన మహేశ్ బాబు సినిమా ఆ ఉగాదికే జెమినిలో తొలిసారి ప్రసారమై 23కు పైగా టీఆర్పీ రేటింగ్ తెచ్చుకుంది. పూర్తిగా తెలుగు కోసమే పెట్టిన ఆహా ఓటీటీ కూడా సరిగ్గా అదే రోజున ప్రారంభమైంది. అంటే పండుగ సినిమాకు అంత పెద్ద ఆదరణ దొరికిన నాడే, దాని స్థానాన్ని తీసుకోబోయేది కూడా ఇంట్లో అడుగు పెట్టింది. మరుసటి ఏడాది, 2021 సెప్టెంబర్ 10న, వినాయక చవితి నాడు నాని నటించిన సినిమా నేరుగా అమెజాన్ ప్రైమ్‌లో విడుదలైంది. దానిపై థియేటర్ల యజమానులు అభ్యంతరం చెప్పారు కూడా. ఆ తరువాత చాలా సినిమాలు థియేటర్లోకి వచ్చిన నాలుగైదు వారాలకే ఓటీటీలోకి రావడం మొదలయ్యాక, పండుగకు టీవీలో వచ్చే బొమ్మ అప్పటికే ఇంట్లో అందరూ చూసేసినదై ఉంటోంది. అయినా 2025 సంక్రాంతికి వచ్చిన వెంకటేశ్ సినిమాను మార్చి 1 సాయంత్రం జీ తెలుగులోనూ, జీ5లోనూ ఒకేసారి తెచ్చినప్పుడు మా ఇంట్లో అందరం హాల్లోనే కూర్చుని చూశాం. అది పండుగ రోజు కూడా కాదు. ముందే వేరేచోట చూసి ఉండకపోతే, టీవీ ముందు చేరడానికి జనానికి అభ్యంతరం లేదని దాన్నిబట్టి నాకు అర్థమైంది.

ఇక ఛానళ్లు తామే తయారు చేసే పండుగ ప్రత్యేక కార్యక్రమాల దగ్గరికి వస్తే, నా మాట కొంత కటువుగానే ఉంటుంది. ఇవి హైదరాబాద్ స్టూడియోల్లో పండుగకు చాలా ముందే చిత్రీకరించేవి. వేదికకు మామిడి తోరణాలు, బంతిపూల దండలు కడతారు, వచ్చినవారు లంగా ఓణీలు, పట్టు పంచెలు కట్టుకుంటారు. ఆ తరువాత జరిగేదంతా ఏ వారమైనా జరిగేదే. అవే స్కిట్లు, అవే నృత్యాలు, అత్తా అల్లుళ్ల మీద అవే పరిహాసాలు, మధ్యలో రాబోయే సినిమా బృందం వచ్చి ప్రచారం చేసుకుని వెళ్లడం. తోరణాలు మార్చి దాన్నే దసరాకు వేసినా ఎవరూ తేడా కనిపెట్టలేరు. హరిదాసు ఒక నిమిషం పాటు వేదిక మీద నడిచి వెళతాడు తప్ప, ఆయన పాడే కీర్తన ఒక్కటి కూడా చివరిదాకా వినిపించరు. గంగిరెద్దును ఆడించే మనిషిని ఎప్పటినుంచి ఈ వృత్తిలో ఉన్నావని అడిగేవారు ఉండరు. కవి సమ్మేళనాలు పెద్ద వినోద ఛానళ్లలో కనిపించడం మానేశాయి. వినోదానికి నేను వ్యతిరేకిని కాను, పండుగ రోజున నవ్వుకోవడం మంచిదే. కానీ పండుగ పేరుతో నాలుగు గంటలు కూర్చోబెట్టినప్పుడు, అందులో కనీసం ఒక గంట ఆ పండుగకే చెందినదై ఉండాలని కోరడం అత్యాశ కాదు. మా పిల్లలకు సంక్రాంతి అంటే ఆ వేదికలే గుర్తుండిపోతే, ఆ నష్టం ఏ రేటింగుతోనూ తీరదు.

ఈ విషయంలో ఒక మంచి మార్పును కూడా చెప్పాలి. మా వదిన వరంగల్ ఆడపడుచు. ఆమె మా ఇంటికి కోడలుగా వచ్చిన కొత్తలో, దసరా రోజుల్లో ఏ ఛానల్ పెట్టినా బతుకమ్మ కనిపించదని, గొబ్బెమ్మలు మాత్రం ప్రతి సంక్రాంతికీ కనిపిస్తాయని బాధపడేది. ఆ మాట నిజం. 2011లో టీ న్యూస్, 2012లో వీ6 అనే తెలంగాణ వార్తా ఛానళ్లు మొదలయ్యాక, 2014లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మను రాష్ట్ర పండుగగా ప్రకటించాక, ఆ లోటు చాలావరకు తీరింది. ఎంగిలిపూల నాటినుంచి సద్దుల దాకా పాటలు, ఊరూరా ఆటలు ఇప్పుడు తెర మీద ఉంటాయి. తంగేడు, గునుగు పూలను మా అమ్మ మొదట గుర్తుపట్టింది ఆ ప్రసారాల్లోనే.

ప్రత్యక్ష ప్రసారం దగ్గర మాత్రం మా ఇల్లు ఏమీ మారలేదు. మా ఇంట్లో టీవీ లేని రోజుల్లో భద్రాచలం కల్యాణాన్ని ఆకాశవాణిలో ఉషశ్రీ గారి వ్యాఖ్యానంతోనే ‘చూశాం’ అని మా నానమ్మ చెప్పేది. ఆ తరువాత టీవీలో చూశాం. 2020లోనూ, 2021లోనూ మహమ్మారి వల్ల భక్తులు లేకుండా ఆలయంలోనే కల్యాణం జరిపినప్పుడు, కోట్లమందికి ఆ ప్రసారమే, మామూలుగా భక్తుల మధ్య కల్యాణం జరిగే మిథిలా స్టేడియం అయింది. అమెరికాలో ఉన్న మా చెల్లెలు అక్కడ అర్ధరాత్రి దాటాక లేచి, యూట్యూబ్‌లో అదే ప్రసారం పెట్టుకుని, మాకు ఫోన్ చేసి కలిసి చూస్తుంది. ఒంటిమిట్ట కల్యాణం రాత్రివేళ జరుగుతుంది కాబట్టి, ఆ పూట వంటపని కూడా ముగిసి అమ్మ కూర్చునే చూస్తుంది. 2008లో మొదలైన తిరుమల తిరుపతి దేవస్థానం వారి భక్తి ఛానల్ ఎస్వీబీసీ పుణ్యమా అని తిరుమల బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవకు కూడా అంతే. భక్తి ఒక్కటే దీనికి కారణమని నేను అనుకోవడం లేదు. హైదరాబాద్‌లో వినాయక నిమజ్జనం నాటి ఉదయం జరిగే బాలాపూర్ లడ్డూ వేలం 1994లో 450 రూపాయలతో మొదలై 2024లో 30 లక్షలు దాటింది. దైవభక్తి అంతగా లేని మా బాబాయి కూడా ఆ ఉదయం వార్తా ఛానల్ ముందునుంచి కదలడు. ఇప్పుడే జరుగుతున్నదాన్ని ఇప్పుడే చూడాలి, రేపు చూస్తే దాని విలువ పోతుంది. ఏ ఓటీటీ కూడా ఇంతవరకు దీనికి ప్రత్యామ్నాయం చూపలేదు.

అందుకే ఛానళ్ల వారికి నాదొక విన్నపం. కల్యాణం జరుగుతుండగా జీలకర్ర బెల్లం ఎందుకు పెడతారో, తలంబ్రాల్లో ముత్యాలు ఎందుకుంటాయో మా పిల్లలు అడుగుతారు. మంచి వ్యాఖ్యాత ఉన్నప్పుడు ఆ జవాబు టీవీలోనే వస్తుంది, వాళ్లు కదలకుండా వింటారు. అదే సమయంలో కొన్ని వార్తా ఛానళ్లు తెరను రెండుగా చీల్చి ఒకవైపు నాయకుల రాకను చూపిస్తాయి, కింద ప్రకటనలు పరిగెత్తిస్తాయి, మాంగల్యధారణ వేళకు వ్యాఖ్యానం మీద మరొకరి గొంతు పడుతుంది. ఆ అరగంట పాటైనా తెరను మొత్తంగా కల్యాణానికి వదిలిపెట్టి, పండితులైన వ్యాఖ్యాతల చేత మాట్లాడించాలి.