మన ఊరి రోడ్డు గురించి బుజ్జమ్మకు పెదనాన్న ఉత్తరం

చి.ల.సౌ. బుజ్జమ్మకు పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. మన ఊరి మధ్య నుంచి పోయే బండ్ల వేగం తగ్గించాలని నువ్వు, మహిళా సంఘం వాళ్లు, బడి పిల్లల తల్లులు కలిసి పని మొదలుపెట్టారట. ఆ మాట వినగానే గుండె ఉప్పొంగింది తల్లీ. నలభై ఇళ్లు తిరిగి సంతకాలు పెట్టించావంటే ఈ ఇంట్లో ఇంతవరకు ఎవరూ చేయని పని చేశావు. కానీ వెంటనే ఇంకో మాట చెప్పాడు. సోమవారం అందరూ రోడ్డు మీద కూర్చుంటున్నారని. ఇక నిద్ర పట్టలేదు. ఇంకా తెల్లవారలేదు, లైటు వేసుకుని రాస్తున్నాను.

రోడ్డు మీద కూర్చోవద్దు. ఈ ఒక్క మాట విని మిగతా ఉత్తరం చదవకపోయినా నాకు సంతోషమే.

ఎందుకో చెబుతాను. అరవైలో వచ్చే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. డ్రైవర్ మనిషిని చూసి బ్రేకు మీద కాలు పెట్టేలోపే ఆ దూరం అయిపోతుంది. ఆపైన కారు ఆగడానికి ఇంకో ఇరవై మీటర్లు కావాలి, లోడు లారీకైతే అంతకన్నా ఎక్కువ. అదే ముప్పైలో వస్తే అంతా కలిపి పదమూడు పద్నాలుగు మీటర్లలో కారు ఆగిపోతుంది. వంతెన మలుపు దాటి వచ్చే లారీవాడికి మీరు చివరిదాకా కనబడరు. మిర్చి సీజన్ ఇది. ఖమ్మం మార్కెట్‌కు పోయే బొలేరోలు, డీసీఎంలు రాత్రంతా నిద్ర లేని డ్రైవర్లతో నడుస్తాయి. వాళ్ల ముందు నిన్ను కూర్చోబెట్టే ధైర్యం నాకు లేదు. పైగా ఆ లైన్లో 108 ఇరుక్కుంటే ఆ పాపం మీ మీద పడుతుంది. నువ్వు గ్రూప్ టూకి చదువుతున్నావు, రాస్తారోకో కేసు ఒకటి మెడకు చుట్టుకుంటే పోలీస్ వెరిఫికేషన్‌లో ఎంత టెన్షనో నీకూ తెలుసు.

కూర్చునే బదులు కొలవండి. బడి గేటు దగ్గర చింతచెట్టు నీడలో, రోడ్డుకు బాగా ఎడంగా నిలబడాలి. రోడ్డు అంచున ఒకదానికొకటి 50 మీటర్ల దూరంలో సున్నంతో రెండు గుర్తులు పెట్టండి. బండి మొదటి గుర్తు దాటినప్పుడు ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కు, రెండోది దాటగానే ఆపు. ఆరు సెకన్లు పడితే గంటకు 30 కిలోమీటర్లు. మూడే సెకన్లయితే 60. రెండున్నరైతే 72. బడి వదిలే వేళ, తెల్లవారుజామున, సంత రోజున వేరువేరుగా రాయండి. బండి రకం రాయండి, నంబర్లు వద్దు, డ్రైవర్ల వీడియోలు అసలే వద్దు. చీకటి పడితే ఎవరింటికి వాళ్లు వెళ్లిపోవాలి.

నేను రోడ్లు, భవనాల శాఖలో (ఆర్ అండ్ బీ) వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసినన్నాళ్లూ ఊళ్ల నుంచి వచ్చిన అర్జీలు ఎన్నో చూశాను. "బండ్లు చాలా స్పీడుగా పోతున్నాయి, తగు చర్య తీసుకోగలరు" అని ఉంటే ఆ కాగితం ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) టేబుల్ మీదే పడి ఉంటుంది. "బడి గేటు దగ్గర సాయంత్రం నాలుగింటికి వంద బండ్లు కొలిస్తే ఇన్ని యాభై దాటాయి" అని అంకె ఉంటే ఆయన పైన ఉండే డీఈ దాకా పోతుంది. అంకెను పక్కన పెట్టాలంటే ఎవరో ఒకరు సంతకం పెట్టాలి కదా, అందుకు వెనకాడతారు.

ఇక అడగాల్సిందేమిటో సరిగ్గా అడగండి. మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం గానీ, అది అధికారమిచ్చిన అధికారి గానీ ఫలానా రోడ్డు మీద ఇంత వేగమే అని గెజిట్‌లో నోటిఫికేషన్ ఇవ్వవచ్చు. దానికి తగ్గ బోర్డులు 116వ సెక్షన్ కింద పెడతారు. 2018లో కేంద్రం ప్రకటించిన గరిష్ఠ వేగాల్లో మన రోడ్డు లాంటి వాటి మీద కారుకు 70, లారీకి 60. అది పొలాల మధ్య సరే. ఇళ్ల అరుగులు తారును ఆనుకుని ఉన్నచోట 30 కావాలని, అదీ వంతెన నుంచి పాలకేంద్రం దాకా అని హద్దులు చెప్పి అడగండి. నోటిఫికేషన్ లేకుండా పంచాయతీ డబ్బుతో బోర్డు పాతితే దాన్ని చూపించి చలానా వేయడానికి పోలీసులు ముందుకు రారు. గ్రామసభ తీర్మానం, మీ కొలతలు, మన స్టేషన్ పరిధిలో ఈ రోడ్డు మీద నమోదైన ప్రమాదాల వివరాలు, ఈ మూడూ కలిపి సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో కలెక్టర్‌కు ఇవ్వండి. జిల్లా రోడ్డు భద్రతా కమిటీ ముందు పెట్టమని రాతపూర్వకంగా కోరండి. రసీదు తీసుకోండి. స్టేషన్లో వివరాలు ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అడగండి.

ఇప్పుడు అసలు సంగతి. సంతకాల కాగితం మీద చివర్లో "లేనిచో మేమే స్పీడ్ బ్రేకర్ వేసుకుంటాము" అని రాశారట. అది ఎవరు రాయించారో నాకు తెలియదు గానీ, ఈ ఊళ్లో ఆ పని ఒకసారి జరిగింది. నువ్వప్పుడు ఇంకా పుట్టలేదు.

మూడో తరగతి పిల్లవాడు బోరింగ్ దగ్గర మంచినీళ్లు పట్టుకుని బడికి తిరిగి వస్తుంటే వ్యాన్ కొట్టేసింది. అక్కడికక్కడే పోయాడు. ఊళ్లో కుర్రాళ్లకు కడుపు మండింది. ఎవరో ఇల్లు కట్టుకోవడానికి తెచ్చుకున్న సిమెంటు, కంకర తీసి ఆ రాత్రే రోడ్డుకు అడ్డంగా బ్రేకర్ పోశారు. పొద్దున్నే ఊరంతా మెచ్చుకుంది. మీ తాతయ్య కూడా వాళ్లకు టీలు పోయించాడు. పది రోజులు బండ్లన్నీ అక్కడ ఆగి ఆగి పోయాయి. సున్నం కొట్టాలి, ముందు బోర్డు పెట్టాలి అని అందరూ అనుకున్నవాళ్లే. ఎవరూ పెట్టలేదు.

పాలకేంద్రం వెనకింటి అత్తయ్య, మామయ్య ఆ రోజు ఖమ్మంలో మిర్చి అమ్ముకుని, తక్‌పట్టీ (అమ్మకం లెక్క చీటీ) తీసుకుని, చీకటి పడ్డాక మోపెడ్ మీద వస్తున్నారు. బ్రేకర్ ఉందని ఆయనకు తెలుసు. కరెంటు లేదు. ఎదురుగా లారీ లైట్లు కళ్లలో పడ్డాయి. బండి ఎగిరింది, వెనక కూర్చున్న ఆమె వెల్లకిలా పడింది. బతికింది. కానీ ఆ తర్వాత ఎవరినీ గుర్తుపట్టలేదు. కన్నకూతురు అన్నం కలిపి నోట్లో పెడుతుంటే "ఎవరమ్మా నువ్వు" అని అడిగేది. పోయేదాకా అంతే.

దాన్ని పగలగొట్టడానికి మా శాఖ వాళ్లే వచ్చారు. టేపు పట్టింది నేనే. జానెడు పైన ఎత్తు, అడుగున్నర వెడల్పు, రెండు వైపులా గోడలాగా నిటారుగా. పచ్చిగా ఉన్నప్పుడు కోళ్లు నడిచినట్టున్నాయి, వాటి కాళ్ల గుర్తులు పైన గట్టిపడి ఉన్నాయి. రోడ్లకు ప్రమాణాలు చెప్పే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రకారం బ్రేకర్ ఎత్తు పది సెంటీమీటర్లే, వెడల్పు 3.7 మీటర్లు. అలా మెల్లగా ఎక్కి మెల్లగా దిగితేనే పాతిక వేగంలో బండి అదుపు తప్పకుండా పోతుంది. నలుపు తెలుపు చారలు ఉండాలి, 40 మీటర్ల ముందే హెచ్చరిక బోర్డు ఉండాలి. అది కూడా చిన్న రోడ్లకు చెప్పిన లెక్క. మన రోడ్డుకు ఏది పనికొస్తుందో, రంబుల్ స్ట్రిప్సా (వరసగా వేసే సన్నటి ఎత్తు పట్టీలు), ఎత్తు చేసిన జీబ్రా క్రాసింగా, అది ఇంజనీరు వచ్చి చూసి చెప్పాలి.

ఆ తర్వాత చాలా ఏళ్లు మన ఊరి నుంచి ఏ అర్జీ వెళ్లినా "ఆ ఊరివాళ్లేగా రోడ్డుకు అడ్డంగా గోడ కట్టింది" అని పక్కన పడేశారు. ఆ బ్రేకర్ పోసిన కుర్రాళ్లలో ఒకాయన ఇప్పటికీ పాలకేంద్రం ముందు నుంచి నడవడు, చెరువు గట్టు మీదుగా చుట్టు తిరిగి పోతాడు. వాళ్లు చెడ్డవాళ్లు కాదమ్మా. పిల్లవాడి రక్తం చూసి ఆగలేకపోయారు. అందుకే నీకు చెబుతున్నాను, నీకూ అంతే కోపం ఉంది కాబట్టి. ఆ చివరి వాక్యం కొట్టేసి, మళ్లీ సంతకాలు పెట్టించు. కష్టమే, అయినా పెట్టించు.

ఇంకొకటి. కొలతలు మొదలుపెట్టాక నీకే తెలుస్తుంది, వేగంగా పోయేవాళ్లలో బయటి లారీల కన్నా మన ఊరి ట్రాక్టర్లు, మన కుర్రాళ్ల బైకులే ఎక్కువని. సింగిల్ రోడ్డు ఉన్నప్పుడు గుంతలే బండ్లను ఆపేవి. డబుల్ రోడ్డు వేసి తారు నున్నగా చేశాం, అప్పటి నుంచి ఎవరి కాలూ బ్రేకు మీద ఆగడం లేదు. డ్రైవర్ల ఇళ్లకు ముందు వెళ్లండి, వాళ్ల భార్యలతో మాట్లాడండి. "లేటవుతుంది" అంటారు. వంతెన నుంచి పాలకేంద్రం దాకా ముప్పావు కిలోమీటరు. 60లో పోతే 45 సెకన్లు, 30లో పోతే ఒకటిన్నర నిమిషం. ముప్పావు నిమిషం కోసం పిల్లలు రోడ్డు దాటాలంటే భయపడాలా అని అడుగు. అరవకుండా అడుగు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు, నూటికి డెబ్బై మందికి పైగా అతివేగం వల్లేనని కేంద్ర రవాణా శాఖ లెక్క. ఆ అంకె అర్జీలో రాయి. ఇళ్ల దగ్గర మాత్రం ఆ పిల్లవాడి సంగతి చెప్పు. వాళ్లమ్మ ఇంకా ఊళ్లోనే ఉంది, ముందు ఆమె అనుమతి అడుగు.

కలెక్టరేట్ ఇప్పుడు వెంకటాయపాలెం దగ్గర, తెలుసు కదా. ప్రజావాణికి స్కూటీ మీద పోవద్దు. బస్సులో పోండి, నలుగురైదుగురు కలిసి. తప్పక స్కూటీ తీస్తే హెల్మెట్ పట్టీ గడ్డం కింద బిగించుకో, ఊరికే నెత్తిన పెట్టుకుంటే లాభం లేదు. నీకు కోపం వచ్చినా సరే ఈ మాట ప్రతిసారీ చెబుతాను.

మొదటిసారి పని కాదు. ఏఈ మారతాడు, ఫైలు మళ్లీ మొదటికొస్తుంది. నెలనెలా కొలతలు రాస్తూనే ఉండండి.

శనివారం సాయంత్రం బస్సుకు వస్తున్నాను. నా పాత ముప్పై మీటర్ల టేపు తెస్తాను. సున్నం, ఒక పెద్ద నోటుబుక్కు నువ్వు చూడు. అర్జీ నువ్వే రాసి ఉంచు, నేను చదువుతాను. మీ అమ్మను నా కోసం ప్రత్యేకంగా ఏమీ వండొద్దని చెప్పు, గోంగూర పచ్చడి ఉంటే చాలు.

ఇట్లు,
మీ పెదనాన్న